నాన్న జామీను పడిన కాలం

నాన్న పాస్‌పోర్టు మా గదిలో ఒక్క మధ్యాహ్నమే ఉంది. అంతకుముందు ఏళ్ళ తరబడి అది కంపెనీ ముదీర్, అంటే మేనేజరు గారి ఇనుప బీరువాలో ఉండేది. ఆ సాయంత్రం నుంచి దుబాయ్ కోర్టులో ఉంది. మధ్యలో ఆ కాసేపు మాత్రం కిటికీ పక్కన, అమ్మ తల నూనె, మందు సీసాలు పెట్టుకునే అరమీద ఉంది.

అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి దాన్ని తెరిచింది. ఫోటోలో నాన్నకి ఒత్తుగా జుట్టు, సన్నటి మీసం.

"ఎవరండీ ఈ కుర్రాడు? బావున్నాడు."

"నీ మొగుడే."

"ఊరుకోండి. నన్ను చేసుకున్నాయనకి బట్టతల."

నాన్న నవ్వుతూ పాస్‌పోర్టు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు బరువుగా కిందికి జారింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకునే మెట్లు దిగాడు.

ఎనభైల మొదటి రోజులవి. షార్జాలో రోలా దగ్గర మూడు గదుల ఫ్లాటులో మూడు కుటుంబాలు ఉండేవాళ్ళం. మాది మధ్య గది. వంటిల్లు అందరికీ ఒకటే. నాన్న దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక కంపెనీ గోదాములో స్టోర్ కీపర్. ఊళ్ళో చదువు ఆగిపోయాక నన్ను కూడా తెచ్చుకున్నారు. నాకు ఇరవయ్యేళ్ళు. ఎవరైనా తలుపు కొడితే పక్క గదివాళ్ళు తీసేదాకా కదిలేదాన్ని కాదు. గది నుంచి గదికి చేతులు మారే పాత తెలుగు వారపత్రికలు చదువుకోవడం, డైరీ రాసుకోవడం, అమ్మకి ఉల్లిపాయలు తరిగిపెట్టడం, ఇదే నా లోకం.

నాన్న జామీను పడింది కంపెనీ పికప్ డ్రైవరు కోసం. ఆయనది కరీంనగర్ వైపు ఒక పల్లె. మాది కాకినాడ దగ్గర. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆయన మెడలో కొండగట్టు అంజన్న తాయెత్తు ఉండేది. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన తాపీపని చేసేవాడట. దుబాయ్ వచ్చాక ఎండలో గోడలు కట్టలేక డ్రైవింగు నేర్చుకున్నాడు. మొదటిసారి నాన్నని దింపడానికి వచ్చి, మా వంటింట్లో సింకు కింద నీళ్ళు కారడం చూశాడు. మరుసటి శుక్రవారం ఒక సంచిలో సిమెంటు, తాపీ పట్టుకొచ్చి ఆ మూల అంతా పూసేశాడు.

"అక్కా, వారం దినాలు దీనికి నీళ్ళు కొడుతుండాలె. లేకుంటే పగుల్తది."

"సింకు కింద కారే నీళ్ళు ఆపమంటే, మళ్ళీ నీళ్ళు పొయ్యమంటావేంట్రా?"

"గదే మరి సిమెంటు అంటే. ఎండితే గట్టిపడదు, తడిస్తేనే గట్టిపడ్తది."

ఆ రోజు నుంచి ఆయన అమ్మకి తమ్ముడు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం మేము చర్చి నుంచి వచ్చేసరికి కింద కిరాణా కొట్టు అరుగుమీద కూర్చుని ఉండేవాడు. చేపల పులుసు వాసన కిందికే వచ్చిందని చెప్పేవాడు. నిజానికి అమ్మ అప్పటికి పొయ్యి కూడా వెలిగించి ఉండేది కాదు.

ఒక సాయంత్రం అల్ ఖూజ్‌లో దుమ్ముగాలి లేచింది. వర్క్‌షాపుల మధ్య రోడ్డుమీద ఆయన పికప్ నడుపుతున్నాడు. ఆగి ఉన్న లారీ వెనకనుంచి ఒక మనిషి రోడ్డు మీదికి వచ్చాడు. ఈయన బ్రేకు వేశాడు కానీ బండి ఆగేలోపే తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ఆ మనిషి పోయాడు. అతను పెషావర్ వైపు నుంచి వచ్చిన పఠాను కూలీ. డ్రైవరుని పోలీసులు తీసుకుపోయారు.

కేసు తేలేదాకా బయట ఉండాలంటే, ఎవరైనా తన పాస్‌పోర్టు కోర్టులో జామీనుగా పెట్టాలి. నిందితుడు పారిపోతే పెట్టినవాడు జవాబు చెప్పాలి. తీర్పు వచ్చేదాకా పెట్టినవాడు కూడా దేశం దాటకూడదు. ఆయన ఉండే కూలీల క్యాంపులో ఆయన ఊరివాళ్ళు చాలామంది ఉన్నారు కానీ అందరి పాస్‌పోర్టులూ కంపెనీ బీరువాలోనే. ముదీర్ కూలీలవి ఇవ్వనన్నాడు. నాన్నది మాత్రం, "నీ ఇష్టం, నీ పూచీ" అని బల్లమీద పడేశాడు.

ముందు నాన్న తటపటాయించాడు. ఒప్పించింది అమ్మే.

"మనం ఎక్కడికెళ్ళాలండీ? వచ్చే ఏడు దాకా ఊరెళ్ళే పని లేదు కదా. బీరువాలో మూలిగే పుస్తకం కోర్టులో మూలుగుతుంది. అక్కడ వాడు మూలగకుండా ఉంటాడు."

అలా ఆయన బయటికి వచ్చాడు. వచ్చాక స్టీరింగు ముట్టలేదు. కంపెనీవాళ్ళు గోదాములో మూటలెత్తే పనికి వేశారు. కంపెనీ బస్సులో కూడా ముందు సీట్లో కూర్చునేవాడు కాదని, రోడ్డు కనపడకుండా వెనక్కి వెళ్ళి కూర్చునేవాడని నాన్న చెప్పాడు. శుక్రవారం మా గదికి వచ్చినా పులుసు వాసన మాట ఎత్తేవాడు కాదు. అమ్మే అడిగేది: "ఏరా, ముక్కు పోయిందా?"

కొన్ని నెలలకి అమ్మ కడుపునొప్పి అంది. రోలాలో డాక్టరు చెయ్యి పెట్టి చూసి, గడ్డ ఉంది, కోయాలి అన్నాడు. అమ్మ ఇక్కడ కోయించుకోను అంది. కాకినాడలో మా మావయ్య ఉన్నాడు, తెలిసిన ఆసుపత్రి ఉంది. "మత్తులో నేనేం మాట్లాడినా అర్థమయ్యేవాళ్ళు పక్కనుండాలి" అంది. పక్క గది కుటుంబం సెలవుమీద ఊరెళ్తుంటే వాళ్ళతో బయల్దేరింది. నాన్న వెళ్ళే వీలు లేదు. నన్ను రమ్మనలేదు. నెలలో వచ్చేస్తాను, నాన్నకి వండిపెట్టు అంది.

విమానాశ్రయానికి అమ్మ సంచి మోసింది ఆయనే. లోపలికి వెళ్ళబోతూ అమ్మ వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, నేను తిరిగొచ్చేటప్పటికి నీ కేసు ఖలాస్ అవ్వాలి."

"అయితది అక్కా. నువ్వు పొయ్యి నీ గడ్డ ఖలాస్ చేసుకొని రా."

ఇద్దరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. ఎందుకో అమ్మ చెప్పులకేసి చూస్తూ ఉండిపోయాను. కొత్త చెప్పులు. మడమ దగ్గర కరుస్తున్నాయని ఒక కాలు ఎత్తి నిలబడింది.

మా ఫ్లాటులో ఫోను లేదు. కింద మలయాళీ కిరాణా కొట్టుకి మావయ్య ట్రంకాల్ చేశాడు. నాన్న మాట్లాడి పైకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "కడుపు తెరిచి చూసి, మళ్ళీ కుట్టేశారటమ్మా" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సార్, నేను లోపటికి పోత. మీ పాస్‌పోర్టు మీరు తీసుకోండ్రి. అక్క దగ్గరికి పోండ్రి."

"కూర్చో ముందు."

"కూసునేది ఏం లేదు సార్. ఆడ నాకు కొత్తనా? మూడు పూటల రొట్టె పెడ్తరు. ఏసీ కూడ ఉంటది. మన క్యాంపుకన్న నయమే."

నాన్న నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆలోచిస్తాను అన్నాడు. ఆ సాయంత్రం తనే కిందికి వెళ్ళి మావయ్యకి ఫోను చేశాడు. ఈ సంగతి అమ్మకి చెప్పి, ఏమంటుందో అడగమన్నాడు.

అమ్మ జవాబు క్యాసెట్‌లో వచ్చింది. ఆ రోజుల్లో దుబాయ్ ఇళ్ళకీ ఊరి ఇళ్ళకీ మధ్య సెలవులనుంచి వచ్చేవాళ్ళు తెచ్చేవి ఊరగాయలూ, క్యాసెట్లూ. అమ్మకి రాయడం అంతంత మాత్రం. మాట్లాడటానికి మాత్రం క్యాసెట్ రెండు వైపులా చాలేది కాదు. ఈసారి ఒక్క వైపే నింపింది, అదీ సగమే. నాన్నా, నేనూ, డ్రైవరూ టేప్ రికార్డరు చుట్టూ కూర్చున్నాం. ముందు కోళ్ళ చప్పుడు, ఎవరో దగ్గడం, తర్వాత అమ్మ గొంతు.

"ఏవండీ, బానే ఉన్నాను. జావ తాగుతున్నాను. మా మరదలు ఉప్పెయ్యదు, అదొకటే బాధ... తమ్ముడు కూడా వింటున్నాడా? ఒరేయ్, నా పేరు చెప్పుకుని జైలుకెళ్తావంట్రా? నేనేమన్నా అడిగానా నిన్ను? ఏవండీ, మీరు వాణ్ణి లోపలెట్టేసి ఇక్కడికొచ్చి నా పక్కన కూచుంటే, నేనే మొహంతో ప్రార్థన చేసుకోను చెప్పండి. కేసు తేలనివ్వండి. నేనెక్కడికీ పోను. పిల్లనొక్కత్తినీ పంపకండి. బొంబాయిలో దిగి, రైల్లో రెండ్రోజులు... నాకు నిద్దరట్టదు. వత్తే ఇద్దరూ రండి."

తర్వాత చాలాసేపు టేపు ఖాళీగా తిరిగింది. ఇంకేమైనా ఉందేమో అని ఎవరూ ఆపలేదు.

జైలుకి వెళ్ళనని ఆయన చేత నాన్న ఒట్టు వేయించుకున్నాడు. ఇక మిగిలింది కేసు త్వరగా తేలడం. అందుకు మా ఊళ్ళలో ఒకటే పద్ధతి. పెద్దమనుషులు వెళ్ళి అవతలివాళ్ళ కాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళు మనసు కరిగి రాజీ పడితే, కోర్టులో ఏమున్నా లేకపోయినా అక్కడితో సరి. కరీంనగర్‌లోనూ అంతే, కాకినాడలోనూ అంతే. పోయిన మనిషి అన్న అజ్మాన్‌లో ఒక రొట్టెల దుకాణంలో పనిచేస్తున్నాడని తెలిసి, నాన్నా డ్రైవరూ అక్కడికి వెళ్ళారు.

తిరిగి వచ్చాక నాన్న చెప్పాడు. తందూరీ పొయ్యి ముందు, చేతులకి పిండితో ఉన్నాడట ఆ పెద్దాయన. విషయం విని చాలాసేపు రొట్టెలు కాలుస్తూనే ఉన్నాడట. తర్వాత వేడి రొట్టెలు రెండు కాగితంలో పెట్టి ఇచ్చి, తినమన్నాడట. డ్రైవరు తినలేక ఏడుస్తుంటే అన్నాడట: "ఖా లే, భాయ్. నిన్ను లోపల వేస్తే మా వాడు లేచొస్తాడా? మాఫ్ కియా."

ఆ పెద్దాయన పని మానుకుని కోర్టుకి వచ్చాడు. గుమాస్తా ముందు, తమ్ముడి చావుకి మా ఇంటివాళ్ళం ఎవరమూ ఏమీ అడగం, క్షమించాం అని చెప్పి వేలిముద్ర వేశాడు. గుమాస్తా కాగితం తీసుకుని ముద్ర కొట్టాడు. ముద్ర పడింది కదా అనుకున్నాం. అంతా అయిపోయిందనుకున్నాం. ఇంకేమైనా ఉందా అని అడగాలని మా ఎవ్వరికీ తోచలేదు.

ఆ సాయంత్రం డ్రైవరు జిలేబీ పొట్లం తెచ్చాడు. పక్కవాళ్ళందరికీ పంచాడు. నాన్న తపాలా ఆఫీసుకి వెళ్ళి మావయ్యకి టెలిగ్రాం ఇచ్చాడు, ఇద్దరం వస్తున్నాం అని. నేను సూట్‌కేసు సర్దాను. అమ్మకి ఇష్టమని ఖర్జూరాలు, మడమ కరవని మెత్తటి చెప్పులు పెట్టాను. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: "అమ్మకి ఈసారి జావలో ఉప్పు నేనే వేస్తాను."

పాస్‌పోర్టు తెచ్చుకోవడానికి వెళ్తూ నాన్న నన్ను కూడా రమ్మన్నాడు. టికెట్ల ఆఫీసు పక్కనే, అట్నుంచటే వెళ్దాం అన్నాడు. డ్రైవరు కూడా మాతో వచ్చాడు. నేను కోర్టు అనే చోటికి వెళ్ళడం అదే మొదలు. గుమాస్తా, హైదరాబాదీలా ఉర్దూ మాట్లాడే మనిషి, పుస్తకం తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కేసు ఇంకా ఉంది."

"మాఫ్ చేశారు కదా" అన్నాడు నాన్న.

"మాఫ్ చేసింది హక్ ఖాస్. హక్ ఆమ్ ఉంది."

డ్రైవరుకి ఆ మాటలు నాన్నకన్నా ముందు అర్థమయ్యాయి. వాళ్ళ ఊరి భాషలో సగం ఉర్దూయే. గోడకి ఆనుకుని నాన్నకేసి చూశాడు.

"ఖాస్ అంటే వాళ్ళ ఇంటోళ్ళ హక్కు సార్. ఆమ్ అంటే అందరిది. సర్కార్‌ది."

గుమాస్తా విసుక్కోలేదు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటే కాబోలు, నెమ్మదిగా చెప్పాడు. చనిపోయినవాడి వాళ్ళు తమ హక్కు వదులుకున్నారు. అది మంచిదే, శిక్ష తగ్గుతుంది. కానీ రోడ్డుమీద మనిషి చస్తే రాజ్యానికి కూడా ఒక హక్కు ఉంటుంది. దాన్ని అన్నదమ్ములు మాఫ్ చెయ్యలేరు. తీర్పు వచ్చేదాకా జామీను ఉండాల్సిందే.

నాన్న కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "మరి సర్కారుకి ఎవరు పోయారండీ?" అని అడిగాడు.

గుమాస్తా పుస్తకం మూసి, "అది ఖాజీ గారిని అడగండి. అర్జీ పెట్టుకోండి" అన్నాడు. అక్కడ జడ్జిని అందరూ ఖాజీ అనేవాళ్ళు.

అర్జీ విచారణకి వచ్చేదాకా ఆ వారం ఎలా గడిచిందో నాకు సరిగా గుర్తు లేదు. నిద్రపట్టక పాత పత్రికలన్నీ ముందేసుకుని తిరగేస్తుంటే ఒక వ్యాసం కనపడింది. మన దేశంలో పెద్ద కోర్టు ఒక తీర్పు ఇచ్చిందట. దేశం దాటి వెళ్ళడం కూడా మనిషి స్వేచ్ఛలో భాగమే, ప్రభుత్వం ఒకరి పాస్‌పోర్టు పట్టుకోవాలంటే న్యాయమైన పద్ధతి ఉండాలి, ఆ మనిషి చెప్పేది వినాలి అని. నేను ఆ పేజీ చింపి నాన్నకి చదివి వినిపించాను.

"అది మన దేశంలో కదమ్మా."

"ఇక్కడ మాత్రం మనిషి కాదా, నాన్నా?"

అంత పెద్ద మాట నా నోట్లోంచి రావడం నాకే కొత్త. నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాస్‌పోర్టు పెట్టుకున్న జేబే.

విచారణ గది చల్లగా ఉంది. వెనక బెంచీ చివర నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఖాజీ గారు నెరిసిన గడ్డంతో, ముక్కుమీద జారే కళ్ళద్దాలతో ఒక బడి పంతులుగారిలా ఉన్నారు. దుబాసీ ఆయన అరబీని ఉర్దూలోకి, నాన్న హిందీని అరబీలోకి మార్చాడు. నాన్న ఆ పేజీ బయటికి తీయలేదు. అమ్మ సంగతి చెప్పాడు. ఒక్క నెల వదలండి, వెళ్ళి చూసి వస్తాను, నా కూతుర్ని ఇక్కడే ఉంచి వెళ్తాను అన్నాడు. ఖాజీ గారు తలెత్తి నాకేసి చూశారు. నేను ఓణీ నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు దించేశాను.

ఆయన చాలా అడిగారు. జబ్బేమిటి? డాక్టర్లు ఏమన్నారు? అక్కడ ఎవరున్నారు? ఏ ప్రశ్నలోనూ తొందర లేదు. తర్వాత ప్రభుత్వం తరఫు ఆయన లేచాడు. నిందితుడికి ఇక్కడ ఇల్లు లేదు, కుటుంబం లేదు. ఈ పాస్‌పోర్టు ఒక్కటే అతన్ని పట్టి ఉంచింది. ఇలా బయటికి వచ్చి ఓడెక్కి పారిపోయిన డ్రైవర్లు ఉన్నారు. రోడ్డుమీద నడిచేవాళ్ళలో ఎక్కువమంది ఆ చనిపోయినవాడిలాంటి కూలీలే, వాళ్ళ తరఫున అడిగేది ఎవరు? ఇదీ ఆయన మాట. అది అబద్ధమని నేను అనుకోలేకపోయాను. ఆ రోడ్లమీద నడిచేవాళ్ళలో మా డ్రైవరు ఊరివాళ్ళూ ఉన్నారు.

ఖాజీ గారు రాయడం ఆపి కళ్ళద్దాలు తీశారు. దుబాసీ చెప్పాడు:

"మీ మీద ఏ నేరమూ లేదని కోర్టుకి తెలుసు. మిమ్మల్ని ఆపడం కోర్టుకి బరువుగానే ఉంది. కానీ మిమ్మల్ని వదిలితే అతన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. ఇంకో మనిషి పాస్‌పోర్టు తీసుకురండి, మీది ఇప్పుడే ఇస్తాం. లేదా మీ జామీను వెనక్కి తీసుకోండి, తీర్పు దాకా అతను లోపల ఉంటాడు. రెండూ కాకపోతే, నేను చెయ్యగలిగింది తీర్పుని ముందుకి జరపడం. అది చేస్తాను."

ఇంకో పాస్‌పోర్టు కోసం నాన్న అప్పటికే తిరగని గుమ్మం లేదు. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకునే యజమానులు, అక్కడ కఫీల్ అంటారు, ఒక్కరూ ఒప్పుకోలేదు.

"మై జాతా సాబ్" అన్నాడు డ్రైవరు, ఎవరూ అడగకుండానే. "అందర్ జాతా. సార్‌ను ఇడవండ్రి."

దుబాసీ ఆగమని చెయ్యి ఊపాడు. మాట చెప్పాల్సింది జామీను ఉన్నవాడు. వెనక్కి తీసుకుంటారా అని ఖాజీ గారు నాన్ననే అడిగారు. నాన్న బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనపడుతోంది. చొక్కా చెమటకి అంటుకుపోయింది, ఆ చల్లటి గదిలో. "అవునను నాన్నా" అని నేను లోపల్లోపల అంటూనే ఉన్నాను. ఒట్టు సంగతి, క్యాసెట్ సంగతి అన్నీ తెలిసి కూడా.

"నహీ, సాబ్" అన్నాడు నాన్న.

దుబాసీ దాన్ని ఒక్క ముక్కలో అరబీలోకి మార్చాడు. ఖాజీ గారు రాసుకున్నారు.

బయట మెట్లమీద డ్రైవరు నాన్న చెయ్యి పట్టుకుని, కోపంగా, ఏడుస్తూ అడిగాడు. "ఎందుకు సార్ నహీ అన్నరు? మీకేమన్న పిచ్చా?"

"నేనన్లేదయ్యా. మీ అక్క అంది."

ఆ తర్వాత ఇన్నేళ్ళలో త్రాసు బొమ్మ ఎక్కడ చూసినా నాకు ఆ గదే గుర్తొస్తుంది. ఒక తట్టలో రాజ్యం, ఒక తట్టలో మనిషి అంటారు. ఆ రోజు ఖాజీ గారు తూచడంలో మోసం చేయలేదు. నాన్న చెప్పింది మొత్తం విన్నారు. వినలేదని తిట్టుకునే వీలు కూడా లేకుండా విన్నారు. ఒక తట్టలో రోడ్డుమీద నడిచే వాళ్ళందరూ ఉన్నారు. ఇంకో తట్టలో డ్రైవరు స్వేచ్ఛ ఉంది, దానితో ముడిపడి నాన్నది ఉంది. కాకినాడలో మంచంమీద ఉన్న మనిషి మాత్రం ఏ తట్టలోనూ లేదు. ఆవిడ ఆ కేసులో ఎవరూ కాదు.

అమ్మ తీర్పు దాకా ఆగలేదు. ఒక ఉదయం కిరాణా కొట్టు ఆయన తనే పైకి వచ్చి తలుపు కొట్టాడు. ఫోను వచ్చిందని అరిచి చెప్పే మనిషి, ఆ రోజు అరవకుండా వచ్చాడు. ఆ తలుపు నేనే తీశాను.

మావయ్య ఫోన్లో చెప్పింది నాన్న నాకు చాలా రోజుల తర్వాత చెప్పాడు. మేము వస్తున్నామన్న టెలిగ్రాం అందాక అమ్మ లోపలి గదిలో పడుకోనందట. మంచం వీధి అరుగుమీద వేయించుకుందట. తల దువ్వించుకుని, బొంబాయి రైలు వేళ అడిగిందట. రాలేమని నాన్న రెండో టెలిగ్రాం ఇచ్చాడు. అది కూడా ఆవిడకి చదివి వినిపించారు. "సరే" అందట. మంచం మాత్రం లోపలికి మార్చనివ్వలేదట. బస్సు ఆగిన చప్పుడైనప్పుడల్లా తల ఎత్తేదట.

ఆ మరుసటి వారమే తీర్పు వచ్చింది. ఖాజీ గారు మాట నిలబెట్టుకున్నారు, ముందుకి జరిపారు. చనిపోయినవాడి వాళ్ళు క్షమించారు కనుక శిక్ష తేలిక. పోలీసుల దగ్గర గడిపిన రోజులే శిక్షగా సరిపోయాయి. లైసెన్సు రద్దు, దేశం నుంచి పంపించివేత. డ్రైవరుని అక్కడినుంచే తీసుకుపోయారు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి నాన్నకి దండం పెట్టబోయాడు, బేడీలతో చేతులు అంతదాకా లేవలేదు.

నాన్న నల్ల రిబ్బను గుచ్చుకుని వెళ్ళాడు ఆ రోజు. ఖాజీ గారు అదేమిటని అడిగారు. దుబాసీ చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తీసి, అల్లా మీకు సబర్, ఓర్పు ఇవ్వాలి అన్నారు. తర్వాత గుమాస్తా నాన్న చేత సంతకం పెట్టించుకుని పాస్‌పోర్టు ఇచ్చాడు. అంత పనీ గ్లాసెడు టీ చల్లారేలోపు అయిపోయింది.

కంపెనీ సెలవు ఇచ్చేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. అమ్మ జ్ఞాపకార్థ కూడిక సమయానికి మేమిద్దరం ఊరికి వెళ్ళాం. దుబాయ్ విమానాశ్రయంలో అధికారి నాన్న ముఖం కూడా చూడకుండా పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, యల్లా, పద అన్నాడు. నాన్న అక్కడే నిలబడిపోయాడు. వెనకవాళ్ళు తోస్తే గాని కదల్లేదు.

ఊళ్ళో దిగిన పొద్దునే మావయ్య మమ్మల్ని శ్మశానానికి తీసుకువెళ్ళాడు. మట్టి దిబ్బ చూస్తాననుకున్నాను. అక్కడ సిమెంటు సమాధి ఉంది. అంచులు తిన్నగా, మూలలు నునుపుగా, తలవైపు చిన్న శిలువ.

"ఎవరు కట్టించారు?" అన్నాడు నాన్న.

"అదేంటి బావా, మీరు పంపారనుకున్నానే. ఆ కరీంనగరం కుర్రోడు. మా అక్క తమ్ముణ్ణన్నాడు. నాకు తెలీకుండా మా అక్కకి తమ్ముడేంటని ముందు నవ్వాను కూడా. బొంబాయిలో దిగి సొంతూరెళ్ళకుండా తిన్నగా ఇక్కడికొచ్చేశాడు. ఇటుకలూ తనే మోశాడు. మీరొస్తున్నారని తెలిసింది, నిన్న పొద్దున్నే బస్సెక్కేశాడు. ఎంత ఆపినా ఆగలేదు."

"ఏమన్నా చెప్పాడా?"

"వారం రోజులు నీళ్ళు కొట్టమన్నాడు. లేకపోతే పగులుతుందట."

నాన్న చుట్టూ చూశాడు. ప్రహరీ పక్కన చేతిపంపు, దాని దగ్గర ఒక ఇనుప బొక్కెన ఉన్నాయి. మావయ్య వెళ్ళబోతే వద్దని, తనే వెళ్ళి పంపు కొట్టాడు. చాలాసేపు గాలి వచ్చింది, తర్వాత నీళ్ళు పడ్డాయి. బొక్కెన రెండు చేతులతో పట్టుకుని, కొత్త బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా వచ్చాడు. కాళ్ళవైపు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పోశాడు. పొడి సిమెంటు నీళ్ళని వెంటనే పీల్చేసుకుని నల్లబడింది. నాన్న మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళాడు. నేను సూట్‌కేసులోంచి తెచ్చిన చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన రెండో బొక్కెన తెచ్చేటప్పుడు పక్కకి జరిగి దారి ఇచ్చాను.